అంబాసిడర్ టాప్ తుప్పు: బుడగ లేచింది ఒకచోట, నీళ్లు దిగింది ఇంకోచోట

కారు 1984 మోడల్ అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్, మీగడ రంగు. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే కుటుంబానిది. తాత కొన్నాడు, తండ్రి తిప్పాడు, ఇప్పుడు మనవడు పండగలకూ పెళ్లిళ్లకూ బయటికి తీస్తున్నాడు. ముసురు పట్టిందంటే వెనక సీటు ఎడమ మూలన నీళ్లు కారుతున్నాయని తీసుకొచ్చారు. లోపలి టాప్ క్లాత్ మీద టీ రంగు మచ్చ పడింది. ఎడమ వెనక డోరు పైన వాననీళ్లు పోయే గట్టర్ వెంబడి పెయింటు బుడగలు లేచింది. అంతకుముందు వేరే షెడ్డులో ఆ బుడగలు గీకి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి ఇచ్చారట. రెండు వానాకాలాలు గడిచేసరికి బుడగలు మళ్లీ వచ్చాయి, ఈసారి ఇంకాస్త పొడుగ్గా.

నాది నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు. పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలు అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. వాటిలో టాప్ తుప్పుతో వచ్చినవన్నీ దాదాపు ఒకే రకంగా పాడుచేసి వస్తాయి. బుడగ ఉన్నచోటే రోగం ఉందనుకుని అక్కడే వైద్యం చేసి పంపుతారు. ఫ్లోరు తుప్పయితే ఆ లెక్క కొంతవరకు సరిపోతుంది, ఎందుకంటే అక్కడ బురద నీళ్లు కింది నుంచి నేరుగా తగులుతాయి. టాప్‌కు అది పనికిరాదు. టాప్‌లో నీళ్లు ఒకచోట దూరి, రేకుల మధ్య నడిచి, పల్లం దొరికినచోట ఆగుతాయి. ఆగినచోట రేకు లోపలి వైపు నుంచి తినేసి, చివరికి బయట బుడగ లేస్తుంది. అంటే మనకు కనపడేది తుప్పు ప్రయాణంలో ఆఖరి స్టేజీ. ఈ కారు అందుకు మంచి ఉదాహరణ, అందుకే వివరంగా రాస్తున్నాను.

టాప్ ఎలా కట్టారో ముందు తెలియాలి

అంబాసిడర్ బాడీ ఇంగ్లండ్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 1958 ప్రాంతం నుంచి 2014 దాకా దీన్ని తయారుచేశారు. గ్రిల్లు, లైట్లు, ఇంజన్లు మారుతూ వచ్చాయి గాని టాప్ ఆకారం పెద్దగా మారలేదు. లారీకి ఉన్నట్టు దీనికి కింద విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. ఫ్లోరు, పిల్లర్లు, టాప్ కలిసి బరువు మోస్తాయి. కాబట్టి టాప్ అంచున డోర్ల పైన పొడుగునా ఉండే డబ్బా లాంటి రైల్‌ను తుప్పు తింటే అది అందం సమస్య కాదు, బలం సమస్య.

గట్టర్ దగ్గర మూడు రేకులు కలుస్తాయి. పైనున్న టాప్ రేకు అంచు, లోపలి వైపు రైల్ రేకు, బయట వాననీళ్లు పోయే గట్టర్ పట్టీ. ఈ మూడింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి చుక్కలు చుక్కలుగా స్పాట్ వెల్డింగ్ కొట్టారు. స్పాట్‌కూ స్పాట్‌కూ మధ్య రేకులు ఆనుకుని ఉంటాయే గాని అతుక్కుని ఉండవు. ఆ సందులోకి నీళ్లు పోకుండా పైన సీలర్ పూస్తారు. కంపెనీ వేసిన సీలర్ నలభై ఏళ్ల ఎండకు గట్టిపడి వెంట్రుకంత చీలుతుంది. సందు ఎంత సన్నగా ఉంటే నీళ్లను అంత గట్టిగా లోపలికి పీల్చుకుంటుంది, ఒకసారి దూరాక అంత తొందరగా ఆరదు. ఇనుము తుప్పుగా మారితే ముందున్న జాగాకు కొన్ని రెట్లు ఎక్కువ జాగా కావాలి. ఆ ఒత్తిడికి రేకులు విడిపోతాయి, సీలర్ ఇంకా చీలుతుంది, ఇంకా నీళ్లు దిగుతాయి. పై నుంచి పుట్టీ పెట్టి మూసేస్తే లోపలున్న తేమకు బయటికి పోయే దారి కూడా ఉండదు. పాత రిపేరు రెండు వానాకాలాలకే చెడిపోవడానికి కారణం అదే.

పరీక్ష

మొదట చేత్తోనే చూశాం. అయస్కాంతాన్ని మెత్తటి బట్టలో చుట్టి గట్టర్ వెంబడి జరుపుకుంటూ పోతే మంచి రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, మందంగా పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. ఎడమ వెనక డోరు మీద జానెడు కంటే ఎక్కువ దూరం అయస్కాంతం పట్టలేదు. స్క్రూడ్రైవర్ మొనతో కొద్దిగా నొక్కితే పుట్టీ పెచ్చు ఊడింది, దాని కింద ఎర్రటి తడి పొడి. రోహిణి కార్తె ఎండల్లో, వాన పడి నెలలు దాటిన రోజుల్లో కూడా తడి! మిల్లులో ప్రతి ఆదివారం కారు కడుగుతారట, బోరు నీళ్లతో. మన జిల్లా బోరు నీళ్లలో ఉప్పులు ఎంతో చెప్పక్కర్లేదు, గట్టర్ పొడుగునా తెల్లటి పొర పేరుకుపోయి ఉంది. ఉప్పులున్న నీళ్లు తుప్పును తొందర చేస్తాయి.

గట్టర్‌లో ఇంకొకటి దొరికింది. వెనక్కి ఒంపు తిరిగి కిందికి దిగేచోట నల్లటి ముద్ద గట్టిగా బిగుసుకుని ఉంది. గోటితో గీకితే బూడిద. మిల్లు బాయిలర్‌లో ఊక కాలుస్తారు కదా, ఆ బూడిద గాలికి వచ్చి గట్టర్‌లో చేరి, నీళ్లతో తడిసి, ఎండి, మళ్లీ తడిసి ముద్ద కట్టింది. మిర్యాలగూడ బండ్లలో ఇది నేను తరచూ చూస్తాను. ఊర్లలో చింతచెట్టు కింద నిలిపే కార్లకు బూడిద బదులు చింతాకు, పని మాత్రం అదే.

గట్టర్ మూసుకుపోయింది కాబట్టి నీళ్లు అక్కడ నిలిచి బుడగ లేచిందని అక్కడితో ఆపేయొచ్చు. కానీ లోపల కారే నీళ్ల లెక్క దానితో తేలలేదు. అందుకే నీళ్ల పరీక్ష పెట్టాం. వెనక సీటు తీసి, ఎడమ వైపు టాప్ క్లాత్ అంచు విప్పి, లోపలి రైల్ అంచు మీద, ముందు అద్దం లోపలి అంచు మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లాం. ఒకరు లోపల టార్చి పట్టుకుని, ఒకరు బయట పైపు పట్టుకుని. పైపుకు ప్రెషర్ పెట్టకూడదు, నీళ్లు ఊరికే పారాలి. కింది నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ముందే టాప్ మీద పోస్తే నీళ్లు అన్నిచోట్లా పారి, ఏది దారో తెలియదు. డోరు రబ్బరు అయ్యాక గట్టర్, ఆ తర్వాత అద్దం.

చాలాసేపు పోసినా లోపల చుక్క రాలేదు. పౌడరు పొడిపొడిగా అలాగే ఉంది. అప్పుడు ఓనర్‌ను అడిగాను.

"సార్, మిల్లుల కారు ఏడ పెడ్తరు?"

"ఆఫీసు ముందర ర్యాంపు ఉంది గదన్నా, దాని మీదనే. ముందు భాగం పైకి ఉంటది. ఎందుకు?"

"రాత్రంతా అట్లనే ఉంటదా?"

"నెలలకొద్ది అట్లనే ఉంటది."

షెడ్డులో ముందు చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టి ముక్కు పైకి లేపాం. మళ్లీ పైపు పెట్టాం. ముందు అద్దం పైన ఎడమ మూల తడవగానే లోపల పౌడరులో సన్నటి గీత పడింది. ఆ గీత కిందికి కాకుండా వెనక్కి నడిచింది, ముందు డోరు మీదుగా వెనక డోరు దాకా, రైల్ అంచు పట్టుకుని. సరిగ్గా బయట బుడగలున్న జాగా దగ్గర చుక్కయి కారింది. దానికి నాలుగడుగులు ముందున్న అద్దం మూల బయటి నుంచి చూస్తే ఏ లోపమూ లేదు, రంగు కూడా బాగానే ఉంది. సమతలం మీద పరీక్ష చేసి వదిలేసి ఉంటే ఈ దారి బయటపడేది కాదు. టాప్ లీకేజీతో ఏ కారు వచ్చినా అది ఎక్కడ, ఏ వాలున నిలుస్తుందో అడగడం నేను తప్పనిసరి చేసుకున్నాను.

ఇప్పుడు లెక్క తేలింది. అద్దం రబ్బరు గట్టిపడి మూలన ముడుచుకుపోయింది. దాని కింద అద్దం కూర్చునే రేకు అంచు తుప్పు తిని చిల్లు పడింది. ఆ చిల్లు నుంచి నీళ్లు రైల్ డబ్బాలోకి దిగి, ర్యాంపు వాలుకు వెనక్కి నడిచి, వెనక డోరు మీద ఆగుతున్నాయి. బయటి నుంచి చూస్తే అదేచోట గట్టర్‌లో బూడిద ముద్ద వల్ల ఇంకొన్ని నీళ్లు నిలుస్తున్నాయి. రెండు వైపుల నుంచీ తడి, మధ్యలో రేకు.

ఎంత కోయాలి, ఎంత ఉంచాలి

ముందు అద్దం తీశాం. పాత రబ్బరును దాచుకోవాలని చూడకూడదు, కత్తితో కోసేయాలి. దాన్ని కాపాడబోతే అద్దం పోతుంది. టాప్ క్లాత్ మాత్రం జాగ్రత్తగా దించాం. అది ఇనుప కడ్డీల మీద వేలాడుతుంది, ఒక్కో కడ్డీ పొడవు వేరు. టేపు అంటించి ముందు నుంచి వెనక్కి నంబర్లు వేయకపోతే తిరిగి బిగించేటప్పుడు క్లాత్ ముడతలు పోదు. టాప్ రేకుకు లోపల అంటించిన జనుము ఫెల్ట్ ఎడమ వైపు తడిసి బూజు పట్టింది. అది మళ్లీ వాడే వస్తువు కాదు, పారేశాం.

ఓనర్ ముందు మూడు దారులు పెట్టాను. స్క్రాపులో ఇంకో అంబాసిడర్ టాప్ దొరికితే పిల్లర్ల దగ్గర కోసి మొత్తం మార్చేయడం ఒకటి. నాకు ఇష్టం లేదు. పిల్లర్లు కోస్తే డోర్ల గ్యాపు, అద్దాల గ్యాపు మళ్లీ తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి. పైగా స్క్రాపు టాప్‌కు కూడా ఇవేచోట్ల తుప్పు ఉంటుంది. రెండోది శుభ్రం చేసి సీలర్ పూయడం. చిల్లులు పడ్డాక దానికి అర్థం లేదు. మూడోది పాడైన ముక్క వరకే కోసి కొత్తది కట్టడం. దానికే వెళ్లాం.

ఇంకొక కారణం కూడా ఉంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన సొంత వాడకం కారును వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. అయితే చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. ఈ కారుకు ఆ వయసు 2034లో వస్తుంది. వాళ్లకు ఆ ఆశ ఉంది కాబట్టి అసలు బాడీని ఎంత ఉంచితే అంత మేలు. రంగు కూడా అదే మీగడ రంగు ఉంచమన్నాను. రంగు మారిస్తే ఆర్సీలో ఎక్కించుకోవాలి, ఆ ఆఫీసు చుట్టూ తిరగడం ఎవరికి కావాలి?

పెయింటు తీయడానికి నల్లటి స్ట్రిప్ డిస్క్ వాడాం. గ్రైండింగ్ రాయి ముట్టుకోలేదు, అది మంచి రేకును కూడా తినేస్తుంది. వైర్ బ్రష్ ఒక్కటే నమ్ముకుంటే తుప్పు మెరుగెక్కి నల్లగా నిగనిగలాడుతుంది, పోయిందనిపిస్తుంది గాని గుంటల్లో అలాగే ఉంటుంది. సాండ్ బ్లాస్టింగ్ చేయించమని చాలామంది సలహా ఇస్తారు. టాప్ లాంటి వెడల్పాటి పలచటి రేకు మీద పెద్ద బ్లాస్టింగ్ పడితే రేకు సాగి అలలు తేలుతుంది, తర్వాత ఏ సుత్తీ దాన్ని సరిచేయలేదు. గట్టర్ గుంటల వరకు చిన్న గన్‌తో, తక్కువ ప్రెషర్‌తో చేసుకోవచ్చు, మేం అంతే చేశాం.

గట్టర్ పట్టీ ఎత్తి చూసేసరికి మధ్యలో తుప్పు ఉల్లిపొరల్లా విడివిడిగా ఊడి వచ్చింది. ఓనర్ అక్కడే ఉన్నాడు. "గింత పెద్దగున్నదా అన్నా, పైన చిటికెన వేలంత బుడగనే గదా!" అన్నాడు. రైల్ రేకును స్క్రూడ్రైవర్‌తో పొడుచుకుంటూ ముందుకూ వెనక్కూ పోయి, మొన దిగనిచోట సుద్దతో గీత గీశాం. ఆ గీత నుంచి ఇంకో అంగుళం బయటికి జరిపి కోత గీత పెట్టాం. పలచబడ్డ రేకు మీద వెల్డింగ్ నిలవదు, పొక్కి చిల్లు పడుతుంది. చివరికి వెనక డోరు మీద 22 అంగుళాల గట్టర్, దాని వెనక రైల్‌లో అంతకంటే కొంచెం తక్కువ ముక్క, ముందు అద్దం మూలన అరచేతి వెడల్పు ముక్క కోయాల్సి వచ్చింది.

కోసేముందు ఎడమ వైపు రెండు డోర్లూ మూసి గ్యాపులు కొలిచి రాసుకున్నాం. వెనక డోరు ఓపెనింగ్‌కు మూల నుంచి మూలకు కొలత తీసి, ఆ కొలతకు ఒక ఇనుప యాంగిల్ ముక్క టాక్ (చిన్న చుక్క వెల్డింగ్) కొట్టి బిగించాం. రైల్ కోశాక పిల్లర్ ఒక్క నూలు కదిలినా డోరు పట్టదు.

కొత్త ముక్క కట్టడం

రేకు 20 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్ స్టీలు). అంటే 0.9 మిల్లీమీటర్ల మందం, పాత రేకుకు సరిపోయింది. తుప్పు పట్టదు కదా అని జీఐ రేకు (జింకు పూత రేకు) వేయమంటారు కొందరు. జింకు పూత వెల్డింగ్ వేడికి ఆవిరైపోయి అతుకులో బొరియలు పడతాయి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. వద్దు.

గట్టర్ ఆకారం నేరుగా రేకు మీద గీయలేం. పైన టాప్ ఒంపు, పక్కన డోరు ఒంపు, రెండూ ఒకేసారి తిరుగుతాయి. నమూనాకు నేను పాత పెళ్లి పత్రికలు వాడతాను. మందపాటి అట్ట, వంచితే వంగుతుంది, మడిస్తే గీత నిలబడుతుంది. ముక్కలు ముక్కలుగా కత్తిరించి, టేపుతో అతికించి, గట్టర్ మీద పరిచి, అంచు మీద వేలు గీసి ముద్ర తీసుకుని, దాన్ని రేకు మీదికి దించాం. రేకును రెండు యాంగిల్ ముక్కల మధ్య బిగించి చెక్క సుత్తితో మడత తీశాం. ఒంపు తిప్పడానికి నిలబడ్డ అంచును లోహపు డాలీ (కింద ఆనించే దిమ్మ) మీద పెట్టి చిన్న సుత్తితో కొద్దికొద్దిగా కొడుతూ సాగదీయాలి. తొందరపడి గట్టిగా కొడితే అంచు చీలుతుంది. వెనక్కి దిగే చివర ఒంపు మరీ ఎక్కువ, అక్కడ అంచులో చిన్న కోతలు పెట్టి, వంచి, ఆ కోతలను వెల్డ్ చేసి రాపాం. ముక్క మొత్తంలో ఎక్కువ టైం తీసుకున్నది ఆ చివరి మూడంగుళాలే.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ విప్పేశాం. పెట్రోల్ ట్యాంకు వెనకే ఉంటుంది కాబట్టి దాన్ని దించి బయట పెట్టాం. వెనక అద్దానికీ డోరు అద్దాలకూ తడి గోనె సంచులు కప్పాం. గ్రైండర్ రవ్వలు అద్దం మీద పడితే అందులో అతుక్కుని చిన్న చిన్న గుంటలు పడతాయి, తుడిస్తే పోయే మరకలు కావవి. పక్కన బకెట్ నీళ్లు, చూస్తూ ఉండడానికి ఒక కుర్రాడు. టాప్ లోపల పాత జిగురు, ఫెల్ట్ పీచు మిగిలి ఉంటే వెల్డింగ్ ఆపిన పది నిమిషాలకు కూడా పొగ మొదలవుతుంది.

సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వదులుతూ తీగ కరిగించేది), 0.8 మిల్లీమీటర్ల తీగ, కరెంటు బాగా తగ్గించి. టాప్ అంచున వరుసగా లాగి వెల్డింగ్ కొట్టారంటే ఆ వేడికి టాప్ మధ్యలో గుంట పడుతుంది. ఒక టాక్ ఈ చివర, ఇంకోటి ఆ చివర, తర్వాత మధ్యలో, అలా దూకుతూ వెళ్లాలి. ప్రతి కొన్ని టాకులకు ఆగి, చెయ్యి పెట్టి చూసి, చల్లబడ్డాకే మళ్లీ. నీళ్లు చల్లి చల్లార్చడం వద్దు. మూడు రేకులు కలిసేచోట కంపెనీ స్పాట్ వెల్డింగ్ బదులు పై రేకుకు 6 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, వాటిలోంచి కింది రేకుకు వెల్డ్ నింపాం. రేకులు కలిపేముందు లోపలి ముఖాలకు వెల్డింగ్‌ను తట్టుకునే జింక్ ప్రైమర్ పూయడం మర్చిపోకూడదు, ఎందుకంటే ఆ తర్వాత అక్కడికి బ్రష్ పోదు.

ముందు అద్దం మూల దగ్గర ఒక అడ్డంకి వచ్చింది. ఎప్పుడో ఎవరో అక్కడ గ్యాస్ వెల్డింగ్‌తో ఇత్తడి పోశారు. పాత మేస్త్రీలు గట్టర్లకు అలా చేసేవాళ్లు, పని నున్నగా, అందంగా ఉంటుంది. కానీ ఫ్లక్స్ (ఇత్తడి పట్టడానికి వాడే రసాయనం) సరిగ్గా కడగకపోతే దాని కిందే తుప్పు మొదలవుతుంది, పైగా ఇత్తడి తగిలినచోట సీఓటూ వెల్డింగ్ పట్టదు, బుడగలు కక్కుతుంది. ఆ ఇత్తడి ఉన్నంతమేరా కోసి పారేశాకే ముక్క కూర్చుంది. కోత అరచేయి వెడల్పు కావడానికి సగం కారణం అదే.

ప్రతి కొన్ని టాకులకొకసారి డోరు మూసి తెరిచి చూస్తూ వెళ్లాం. యాంగిల్ ముక్క తీసేశాక గ్యాపులు రాసుకున్న కొలతకే ఉన్నాయి.

ప్రైమర్, సీలర్, రంగు

చాలా రిపేర్లు ఇక్కడే చెడతాయి. గుంటల్లో మిగిలిన సన్నటి తుప్పుకు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే రస్ట్ కన్వర్టర్ పనిచేస్తుంది. పొరలు పొరలుగా ఉన్న తుప్పుకు పనిచేయదు. పూశాక దాన్ని కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. యాసిడ్ మిగిలిపోయిన రేకు మీద ఎపాక్సీ ప్రైమర్ సరిగ్గా పట్టుకోదు. రేకు మీది పాత రంగు, తుప్పు పొద్దున తీసేస్తే సాయంత్రం లోపు ఎపాక్సీ కొట్టేయాలి, రాత్రంతా ఉత్త రేకు వదిలితే పొద్దున్నకు లేత ఎరుపు తిరుగుతుంది.

సీలర్ ప్రైమర్ మీద వేయాలి, ఉత్త రేకు మీద కాదు. పీయూ (పాలీయురేథేన్) సీలర్ వాడాం. బాత్రూములకు వాడే సిలికాన్ మాత్రం ఎవరేం చెప్పినా వేయకండి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు యాసిడ్ వదులుతుంది, రేకును అదే తింటుంది. దాని మీద పెయింటు కూడా నిలవదు, తొలగించాలన్నా పూర్తిగా పోదు. గట్టర్‌లో సీలర్‌ను నిండా నింపకుండా, సబ్బు నీళ్లలో ముంచిన వేలితో సన్నగా లాగి, నీళ్లు వెనక్కీ ముందుకీ జారేలా వాలు ఇచ్చాం. రెండు చివర్లూ తెరిచే ఉంచాలి. చివర కూడా అందంగా మూసేసిన గట్టర్లు నేను చూశాను, అవి కాలువలు కావు, తొట్లు.

పాత పెయింటు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రకం. దాని మీద నేరుగా టూకే పెయింటు (హార్డెనర్ కలిపి కొట్టేది) కొడితే థిన్నర్ తగిలి ముడతలు లేస్తుంది. మధ్యలో ఎపాక్సీ పొర అడ్డం ఉంటే ఆ గొడవ లేదు. పుట్టీ పలచగా, వెల్డింగ్ గీత కనపడకుండా ఉండేంతే పెట్టాం. అదీ ఎపాక్సీ మీదే. రంగు తెల్లవారుజామున కొట్టాం, ఎండ ఎక్కితే మన దగ్గర గాలి దుమ్ము మొదలవుతుంది. టూకే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి, ముక్కుకు రుమాలు కట్టుకుని కొట్టే కుర్రాళ్లు ఇంకా ఉన్నారు. రుమాలు దాన్ని ఆపదు. పెయింటుకు పనికొచ్చే కాట్రిడ్జ్ మాస్క్ కొనివ్వడం షెడ్డు ఓనర్ పని.

రైల్ డబ్బా లోపల వెల్డింగ్ వేడికి ప్రైమర్ కాలిపోయిన భాగం ఉంటుంది. దానికి రంగు పూర్తయ్యాక, రంధ్రాల్లోంచి పొడవాటి నాజిల్ పెట్టి క్యావిటీ వ్యాక్స్ (డబ్బా లోపల తుప్పు ఆపే మైనం) కొట్టాలి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయడం పాత అలవాటు. అది రబ్బర్లను ఉబ్బిస్తుంది, తర్వాత ఎప్పుడైనా పెయింటు వేయాలంటే పట్టనివ్వదు. వ్యాక్స్‌తోనూ మన ఎండల్లో ఒక చిక్కుంది. మే నెలలో మూసి ఉంచిన కారు టాప్ మీద చెయ్యి పెట్టలేం, ఆ వేడికి మెత్తటి వ్యాక్స్ కరిగి కొత్త క్లాత్ మీద మరకలు పడతాయి. వేడి తట్టుకునే రకం తీసుకుని, పలచగా రెండుసార్లు కొట్టి, కారును కొన్ని రోజులు ఎండలో నిలిపి, కారేదంతా కారాకే క్లాత్ ఎక్కించాం. ఫెల్ట్ బదులు నీళ్లు పీల్చని ఫోమ్ షీట్ అంటించాం.

అద్దం రబ్బరు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించాం. కొత్త రబ్బరు గాడిలో గట్టి తాడు చుట్టూ దూర్చి, రెండు కొసలూ లోపలికి వదిలి, రబ్బరుకు సబ్బు నీళ్లు రాసి, అద్దాన్ని బయటి నుంచి ఆనించి పట్టుకోవాలి. లోపలి మనిషి తాడు లాగుతూ పోతే రబ్బరు పెదవి రేకు అంచు దాటి లోపలికి వచ్చి కూర్చుంటుంది. బయటి మనిషి ఎక్కడ లాగుతున్నారో అక్కడ అరచేత్తో తడుతూ ఉండాలి. గ్రీజు, ఆయిల్ రాయకూడదు. రబ్బరుకూ రేకుకూ మధ్య ఎప్పటికీ గట్టిపడని మాస్టిక్ సీలర్ పట్టించాం.

లెక్కలు, ఆ తర్వాత

రేకు ఖర్చు నవ్వొచ్చేంత తక్కువ. సీలర్, ప్రైమర్, రంగు, రబ్బరు, క్లాత్ పని కలిపినా బిల్లులో సగానికి రాలేదు. మిగతాదంతా విప్పడం, బిగించడం, గట్టర్ ఒంపు కొట్టడం, చల్లబడేదాకా ఆగడం. ఇది ముందే చెప్పాలి. ఓనర్లు కోసిన ముక్క సైజు చూసి ధర లెక్కేస్తారు, తర్వాత మాటలు పెరుగుతాయి. ఇక్కడ గట్టర్ ఎత్తినప్పుడు ఓనర్ దగ్గరే ఉన్నాడు కాబట్టి ఆ పేచీ రాలేదు.

అప్పగించే ముందు అదే పౌడరు, అదే పైపు, ముందు చక్రాల కింద అవే దిమ్మెలు. తర్వాత వెనక చక్రాల కింద పెట్టి ఇంకోసారి. పౌడరు పొడిగానే ఉంది. కారును ర్యాంపు మీద నుంచి దించి చదును జాగాలో, బాయిలర్ చిమ్నీ గాలి తగలని వైపు పెట్టమన్నాను. కడిగాక మెత్తటి బ్రష్‌తో గట్టర్ ఊడ్చి బట్టతో తుడవమన్నాను. మొత్తం కప్పే కవర్ వేస్తానంటే వద్దన్నాను. గాలాడని ప్లాస్టిక్ కవర్ కింద తేమ చిక్కుకుపోతుంది.

వానాకాలం అయ్యాక కారు చూపించడానికి తెచ్చారు. ఎడమ వైపు గట్టర్ శుభ్రంగా ఉంది, క్లాత్ మీద మచ్చ లేదు. ముందు అద్దం మూలన రబ్బరు కింద కొద్దిగా మాస్టిక్ బయటికి ఉబికింది, తుడిచేశాం. ఇక మిగిలింది కుడి వైపు. అటు బుడగలు లేవు, నీళ్ల పరీక్షలో ఏమీ రాలేదు, అయస్కాంతం అంతటా పట్టింది. కానీ వెనక డోరు పైన పాత సీలర్‌లో రెండుచోట్ల చీలికలున్నాయి. అవి గీకి, ప్రైమర్ వేసి, కొత్త సీలర్ లాగాం. రేకులు విప్పలేదు, ఇప్పుడే విప్పాల్సిన అవసరం కూడా లేదు. మృగశిర కంటే ముందు ఒకసారి తెచ్చి అయస్కాంతం పెట్టించుకోమని, ఆ రెండు చోట్లకు గుర్తులు గీసి, బిల్లు వెనకాల రాసి ఇచ్చాను.